సిలబస్ అంటే పాఠాల లిస్టు కాదు

(కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో, కమ్యూనిటీ కాలేజీల్లో కొత్తగా చేరుతున్న తెలుగు విద్యార్థులకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ ఒక లెక్కల లెక్చరర్ ఇచ్చిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మనవాళ్లం ఎక్కడికెళ్లినా ముందు వరస ఎవరికో వదిలేస్తాం. పెళ్లిలో అయితే సరే, క్లాసులో మాత్రం వద్దు.

ఈ నెలాఖరుకి క్లాసులు మొదలయ్యేవాళ్లు ఎంతమంది? ఓలోనీ కాలేజీ వాళ్లు ఎక్కువగా ఉన్నట్టున్నారు. డి ఆంజా, ఫుట్‌హిల్ వాళ్లకి సెప్టెంబరు చివరి దాకా టైముంది, అక్కడ క్వార్టర్ పద్ధతి, టర్ములు పొట్టివి. హైస్కూలు ఇక్కడే చదివినవాళ్లు? సరే. ఇంటర్ అక్కడ చేసి వచ్చినవాళ్లు? ఆ... ఇంకా, ఆ మూల చెయ్యి సగమే ఎత్తినవాళ్లు. హెచ్-4, అంటే డిపెండెంట్ వీసా మీద వచ్చి మళ్లీ చదువుదామనుకుంటున్నవాళ్లు మీరేగా? పూర్తిగా ఎత్తండమ్మా. నేనూ అలా వచ్చినదాన్నే.

నాది తెనాలి. అక్కడ బీఎస్సీ ఫస్ట్ క్లాసులో పాసయ్యాను. ఇక్కడికొచ్చాక రెండేళ్లు ఇంట్లో కూర్చుని, విసుగెత్తి, ఒక కాలేజీలో ఇంగ్లిష్ క్లాసులో చేరాను. మొదటి వ్యాసం ఇచ్చారు. మనకి వ్యాసమంటే ఏంటి? మంచి పుస్తకం వెతికి, మంచి పేరాలు ఏరి, గుండ్రంగా రాయడం. నేను ఇంటర్నెట్‌లో వెతికి రెండు పేరాలు అలాగే దించేశాను. అక్షరం పొల్లుపోలేదు. సున్నా వచ్చింది. పైగా పిలిచి కూర్చోబెట్టి, ‘దీన్ని దొంగతనం అంటాం, ఇంకోసారి జరిగితే కాలేజీ దాకా వెళ్తుంది’ అన్నారు. ఇంటికొచ్చి మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆ సిగ్గు పోవడానికి చాలా రోజులు పట్టింది. కోపం మాత్రం ఇంకా ఎక్కువ రోజులే ఉంది, ఎందుకంటే ఆ కాలేజీ మొదటిరోజు చేతికిచ్చిన కాగితంలో ఇదంతా రాసే ఉంది. నేను చదవలేదు. సిలబస్ అని ఉంటే, పాఠాల లిస్టే కదా, పరీక్షకి ముందు చూసుకోవచ్చులే అని మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇవాళ నా మాటంతా ఆ కాగితం చుట్టూనే.

దానికి ముందు పెద్దవాళ్లకి ఒక మాట. ‘మావాడు కమ్యూనిటీ కాలేజీ’ అని చెప్పేటప్పుడు కొంతమంది గొంతు తగ్గిస్తున్నారు. నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ. ఈ దేశంలో మొదటి ప్రభుత్వ జూనియర్ కాలేజీ (మన ఇంటర్ కాలేజీ కాదు, ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ అంటున్నది అదే) 1901లో ఇల్లినాయ్‌లో జోలియట్ అనే ఊళ్లో పెట్టారు. హైస్కూలు మీద ఇంకో రెండేళ్ల చదువు, ఆరుగురు పిల్లలతో మొదలైంది. ఇవాళ ఒక్క కాలిఫోర్నియాలోనే 116 ఉన్నాయి. ఇక్కడికి పక్కనే హేవర్డ్‌లో షబో కాలేజీ ఉంది. హాలీవుడ్ నటుడు టామ్ హాంక్స్ చదివింది అక్కడే, ఆయన ఆ సంగతి దాచుకోకుండా పేపర్లో రాసుకున్నాడు. ఫీజు సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ రాష్ట్రంలో రెసిడెంట్ అయితే సెమిస్టర్ యూనిట్‌కి 46 డాలర్లు. పన్నెండు యూనిట్లు తీసుకుంటే 552. హెచ్-4 వాళ్లు కూడా ఏడాది పైగా ఇక్కడుండి, ఇక్కడే కాపురమని కాగితాలు చూపించగలిగితే రెసిడెంట్ కిందే లెక్క. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా వాళ్లకి ఆ వీలు లేదు, వాళ్ల ఫీజు చాలా ఎక్కువ. అది అడ్మిషన్స్ వాళ్లతో తేల్చుకోండి. నేను లెక్కలు చెప్పేదాన్ని, ఫీజులు కట్టించుకునేదాన్ని కాదు. (నవ్వులు)

ఇంటర్ అక్కడ చదివినవాళ్లకి బాగా తెలుసు. పొద్దున స్టడీ అవర్, సాయంత్రం స్టడీ అవర్, వీకెండ్ టెస్టు, మార్కులు తగ్గితే నాన్నకి ఫోను, క్లాసుకి రాకపోతే అమ్మకి మెసేజీ. చదువంటే ఎవరో ఒకరు మన వెనక పడటం. ఇక్కడ ఎవరూ వెనక పడరు. మీరు రాకపోతే నాకు తెలుస్తుంది, కానీ ఫోన్ చెయ్యను. తల్లిదండ్రులకి అయితే, నేను చెప్పాలనుకున్నా చెప్పలేను. 1974 నుంచి ఒక ఫెడరల్ చట్టం ఉంది, ఫెర్పా అంటారు. పిల్లవాడు కాలేజీలో అడుగుపెట్టాడంటే, వయసు పదహారైనా సరే, రికార్డుల మీద హక్కు వాడిదే. మొన్నామధ్య ఒక తండ్రిగారు నాకు ఈమెయిల్ రాశారు. మావాడికి మిడ్‌టర్మ్‌లో ఎంత వచ్చింది మేడమ్, కొంచెం చూసి చెప్పండి, మనం మనం తెలుగువాళ్లం అని. తెలుగువాళ్లమే కానీ చెప్పలేనండీ అని రాయాల్సి వచ్చింది. ఆయన నొచ్చుకున్నారనుకుంటా. వాడు నా క్లాసులో ఉన్నాడో లేడో కూడా నేను చెప్పకూడదు మరి.

కాబట్టి వెనకపడేవాళ్లు లేరు. ఆ పని కాగితం చేస్తుంది. రండి, ఒక సిలబస్ చూద్దాం.

(తెర మీద ఒక పేజీ చూపిస్తూ) ఇది నాదే, పేర్లు తీసేశాను. ఎనిమిది పేజీలుంది. పాఠాల లిస్టు ఏడో పేజీలో ఉంది చూడండి. ముందు ఆరు పేజీల్లో ఉన్నదంతా రూల్సు: హోంవర్క్ ఎప్పుడివ్వాలి, ఒక రోజు ఆలస్యమైతే ఎంత తగ్గుతుంది, పరీక్ష తప్పిపోతే మళ్లీ పెడతానా పెట్టనా, క్యాలిక్యులేటర్ ఏది వాడాలి, చాట్‌జీపీటీ వాడొచ్చా. ఆ చివరి రూలు ప్రతి ప్రొఫెసర్‌కీ వేరు. పక్క క్లాసులో వాడమన్నదాన్నే నా క్లాసులో వాడితే కాపీ కింద లెక్క. అందుకని నాలుగు క్లాసులకి నాలుగు కాగితాలూ చదవాల్సిందే.

ఇప్పుడు రెండో పేజీలో ఈ చిన్న పెట్టె. హోంవర్క్ 15 శాతం, క్విజ్‌లు 20, రెండు మిడ్‌టర్మ్‌లు కలిపి 40, ఫైనల్ 25.

ఇంటర్ నుంచి వచ్చిన అబ్బాయి ఒకడున్నాడనుకుందాం. తెలివైనవాడు. హోంవర్క్ చూడగానే నవ్వొచ్చింది, ఇవి టెన్త్ లెక్కలు కదా అని. ఒక్కటీ ఇవ్వలేదు. క్విజ్‌లకి సగంసార్లు లేటుగా వచ్చాడు, అరవై వచ్చింది. మిడ్‌టర్మ్‌లు ఎనభై. ఫైనల్‌కి రాత్రంతా కూర్చుని తొంభై ఐదు కొట్టాడు. క్లాసులో అందరికన్నా ఎక్కువ! వాడి లెక్కలో టాపర్. మనం వేసి చూద్దాం. హోంవర్క్ సున్నా. క్విజ్ ఇరవైలో అరవై శాతం, పన్నెండు. మిడ్‌టర్మ్ నలభైలో ఎనభై శాతం, ముప్ఫై రెండు. ఫైనల్ ఇరవై ఐదులో తొంభై ఐదు శాతం, ఇరవై మూడు ముప్పావు. మొత్తం? ఎవరైనా... అరవై ఏడు ముప్పావు. కరెక్ట్. అది డి. డి వస్తే యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అయ్యే లెక్కలో ఆ కోర్సు పనికిరాదు, సి కావాలి. అదే వాడు ఆ ‘టెన్త్ లెక్కలు’ చేసిచ్చి తొంభై శాతం తెచ్చుకుని ఉంటే, పదమూడున్నర కలిసి ఎనభై ఒకటీ పావు. బి. ఫైనల్ అదే, బుర్ర అదే.

ముప్ఫై ఐదొస్తే పాస్ అనే ఊరి నుంచి వచ్చాం మనం. ఇక్కడ ముప్ఫై ఐదుకి ఎఫ్. ఏడాదంతా ఎలా ఉన్నా పబ్లిక్ పరీక్షలో చూపించేవాళ్లం. ఇక్కడ మార్కులు చీమ గింజలు మోసినట్టు వారం వారం చేరాలి, ఒక్కసారిగా బస్తా ఎత్తి పడేద్దామంటే కుదరదు.

మీరు చెయ్యాల్సింది పెద్దగా ఏం లేదు. మొదటివారం నాలుగు సిలబస్‌లూ ముందు పెట్టుకుని, తేదీలన్నీ ఒకే క్యాలెండర్‌లో ఎక్కించండి. గోడ క్యాలెండర్ అయినా సరే, ఊరి నుంచి తెచ్చుకున్న తెలుగు క్యాలెండర్ అయినా సరే, తిథి పక్కన మిడ్‌టర్మ్ రాసుకోండి. అప్పుడొకటి కనపడుతుంది: అక్టోబరులో ఒక వారం మూడు మిడ్‌టర్మ్‌లు మీద పడుతున్నాయి. ఆ సంగతి ఆగస్టులో తెలియడానికీ, అక్టోబరులో ముందురోజు రాత్రి తెలియడానికీ తేడా ఉంది. దసరాకి ఇల్లంతా చుట్టాలతో నిండే వారమూ అదే అవుతుంది సాధారణంగా.

ఇక గంటలు. యూనిట్ అంటే ఏంటో చాలామందికి ఫీజు కట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే. దాని వెనక లెక్క ఉంది. ఒక యూనిట్‌కి వారానికి ఒక గంట క్లాసు, రెండు గంటలు ఇంటి దగ్గర. పన్నెండు యూనిట్లు అంటే పన్నెండు, ఇరవై నాలుగు, వెరసి ముప్ఫై ఆరు గంటలు. ఉద్యోగమే అది. ఐదు యూనిట్ల కాలిక్యులస్ ఒక్కదానికే పదిహేను గంటలు. బాబూ, నువ్వు కాస్ట్‌కోలో వారానికి పాతిక గంటలు చేస్తానన్నావ్ ఇందాక, దానికి ముప్ఫై ఆరు కలుపు. అరవై ఒకటి. నిద్ర కూడా కలుపుకో, బస్సు కూడా కలుపుకో. అప్పుడు ఒక క్లాసు తగ్గించాలో, పని తగ్గించాలో నీకే తెలుస్తుంది. తగ్గించడం తప్పు కాదు. ఎఫ్-1 వాళ్లు మాత్రం పన్నెండుకి తగ్గకూడదు, ఆన్‌లైన్ క్లాసు అయితే అందులో ఒక్కటే లెక్కకొస్తుంది. ఏది వదిలేయాలన్నా ముందు ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, ఆ తర్వాతే బటన్ నొక్కండి.

సరే, ఆ గంటల్లో కూర్చుని ఏం చేస్తాం? ఇదీ అసలు విషయం. కొంచెం నిదానంగా చెప్తాను.

పోయిన ఏడాది ఒకమ్మాయి తన నోట్‌బుక్ తెచ్చి చూపించింది. ఎంత ముద్దుగా ఉందో! మార్జిన్ స్కేలుతో కొట్టింది, ప్రశ్న నీలం ఇంకు, జవాబు నలుపు, ఫార్ములా చుట్టూ ఎర్ర డబ్బా. నేను బోర్డు మీద చేసిన ప్రతి లెక్కా ఉంది. ‘మేడమ్, ఇదంతా మూడుసార్లు చదివాను, అయినా క్విజ్‌లో నలభై వచ్చింది’ అంది, కళ్లనిండా నీళ్లు. నేను పుస్తకం మూసి పక్కన పెట్టి, ఒక తెల్ల కాగితం ఇచ్చి, అందులో ఉన్న లెక్కే, అంకె కూడా మార్చకుండా, చెయ్యమన్నాను. ఎక్స్ ప్లస్ మూడు, హోల్ స్క్వేర్. రాసింది: ఎక్స్ స్క్వేర్ ప్లస్ తొమ్మిది. మధ్యలో ఆరు ఎక్స్ ఏదమ్మా? పుస్తకం తెరిస్తే ఉంది, ఎర్ర డబ్బాలో. ఆ పిల్ల దాన్ని మూడుసార్లు చూసింది, మూడుసార్లూ కన్ను ‘ఆ, తెలుసు’ అని దాటిపోయింది.

చూస్తే తెలిసినట్టుండటం వేరు, చూడకుండా రావడం వేరు. వంటలో మీకందరికీ తెలుసు ఇది. అమ్మ పులిహోర కలుపుతుంటే వందసార్లు చూసి ఉంటాం. మన వంటింట్లో మనం కలిపినరోజు పసుపు ఎప్పుడు వెయ్యాలో దగ్గరే ఆగిపోతాం.

దీనిమీద 2006లో ఒక మంచి ప్రయోగం వచ్చింది. సెయింట్ లూయిస్‌లో వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు చేశారు. విద్యార్థులకి ఒక పాఠం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకో గుంపు ఒక విడతే చదివి, మిగతా మూడు విడతలూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచెయ్యి, 83 శాతం గుర్తుంది, రెండోవాళ్లకి 71. వారం తర్వాత అడిగారు. చదివినవాళ్లకి 40, రాసినవాళ్లకి 61. రాత్రంతా చదివి పొద్దున రాసే మన పద్ధతి ఎందుకు పని చేస్తున్నట్టు కనిపిస్తుందో, ఫైనల్ నాటికి ఎందుకు చేతులెత్తేస్తుందో ఈ రెండు జతల అంకెల్లోనే ఉంది.

చేసి చూద్దామా? తలా ఒక కాగితం పంచుతున్నారు చూడండి. ఇప్పటిదాకా నేను చెప్పినదాంట్లో గుర్తున్నవి రాయండి. పక్కవాళ్లవి చూడకండి. రెండు నిమిషాలు. పెద్దవాళ్లు కూడా, మీకేం మినహాయింపు లేదు. (విరామం)

సరే, ఆపండి. ఆ అబ్బాయికి మొత్తం ఎంత వచ్చింది? అరవై ఏడు ముప్పావు, బాగుంది. జోలియట్‌లో ఎంతమందితో మొదలైంది? ఆరుగురు. ఫెర్పా ఏ సంవత్సరం? ...ఎవరికీ లేదు. చూశారా, ఇందాక విన్నప్పుడు ‘ఆ, 1974’ అని తల ఊపారు. ఇప్పుడు తడుముకున్నారు కాబట్టి ఇక మర్చిపోరు. తడుముకున్న చోటే చదువు జరుగుతోంది. బాధగా ఉంటుంది, అందుకే ఎవరూ చెయ్యరు, హైలైటర్ పట్టుకుంటారు.

క్లాసు నోట్సు కూడా దీనికి వీలుగా రాసుకోవచ్చు. కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ అనే ఆయన 1950ల్లో నేర్పిన పద్ధతి. పేజీకి ఎడమవైపు మార్జిన్ కొంచెం వెడల్పుగా వదలాలి. కుడివైపు క్లాసులో రాసుకోవాలి. ఆ రోజే, బస్సులోనైనా సరే, ఎడమవైపు ప్రశ్నలు రాయాలి: ‘హోల్ స్క్వేర్‌లో మధ్య పదం ఎక్కణ్ణించి వస్తుంది?’ ఇలా. పరీక్షకి ముందు కుడివైపు చేత్తో మూసి, ఎడమవైపు ప్రశ్నలకి నోటితో జవాబు చెప్పుకోవాలి. అంతే. రంగు పెన్నులు అక్కర్లేదు. నేను చెప్పే ప్రతి మాటా రాసుకోవద్దు, డిక్టేషన్ కాదు ఇది. పాఠ్యపుస్తకం కూడా మొదటి పేజీ నుంచి నవల్లా చదవకండి. చాప్టర్ చివర ప్రశ్నలు ముందు చూడండి, తర్వాత వాటి జవాబులు వెతుక్కుంటూ చదవండి.

ఒక్కళ్లే కూర్చోవద్దు. 1970ల్లో ఇక్కడే, బర్క్‌లీ యూనివర్సిటీలో, యూరీ ట్రైస్‌మన్ అనే లెక్కలాయన ఒకటి గమనించాడు. కాలిక్యులస్‌లో నల్లజాతి పిల్లలు చాలామంది తప్పుతున్నారు, చైనా కుటుంబాల పిల్లలు బాగా చేస్తున్నారు. బద్ధకం అనుకున్నారు అందరూ, ఇంట్లో చదువు లేదనుకున్నారు. ఆయన వాళ్ల గదులకి వెళ్లి, వాళ్లతో ఉండి చూశాడు. తప్పుతున్న పిల్లలు కష్టపడుతున్నారు, కానీ ఎవరికి వాళ్లు తలుపేసుకుని. రెండోవాళ్లు ముందు విడిగా చేసుకుని, సాయంత్రం కలిసి తిండీ తిప్పలూ చూసుకుంటూ, నీకెంతొచ్చింది నాకెంతొచ్చింది అని పోల్చుకుంటున్నారు. తప్పు చేస్తే ఆ రాత్రే తెలిసిపోతోంది. ఆయన కష్టమైన లెక్కలు ఇచ్చి అందరినీ కలిపి కూర్చోబెట్టే వర్క్‌షాపులు పెట్టాడు, ఫలితాలు మారిపోయాయి. మీరు కూడా ముందు విడిగా చెయ్యండి, తర్వాత కలవండి. విడిగా చెయ్యకుండా కలిస్తే అది చదువు కాదు, వాట్సాప్‌లో ఫొటోలు పంపుకోవడమే.

ఫొటో పంపుకోవడమంటే గుర్తొచ్చింది. మనం ల్యాబ్ రికార్డు ఎలా రాశాం? సీనియర్ రికార్డు తెచ్చుకుని, రీడింగులు కూడా అవే దించాం. లెక్చరరూ అదే చూసి సంతకం పెట్టాడు. అందులో తప్పుందని మనకి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ చెప్తున్నాను: ఎవరి మాట అయినా వాడుకోవచ్చు, ఎవరిదో చెప్పి వాడుకోవాలి. మాటలు నాలుగు మార్చినా ఆలోచన వాళ్లదైతే పేరు చెప్పాలి. సాఫ్ట్‌వేర్ పట్టేస్తుందా లేదా అనేది తర్వాత సంగతి. సున్నా వచ్చినప్పుడు పడే బాధ నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను.

ఇప్పుడు అన్నిటికన్నా మనకి కష్టమైనది. అడగడం.

అడగందే అమ్మైనా పెట్టదని మనమే అంటాం, మళ్లీ మనమే అడగం. ఆఫీస్ అవర్స్ అని సిలబస్ మొదటి పేజీలో ఉంటుంది. మంగళవారం రెండు నుంచి మూడు, ఫలానా గది. మనకి లెక్చరర్ గదికి వెళ్లడమంటే ఏదో తప్పు చేసి పిలిపించుకోవడం. ఇక్కడ ఆ గంట మీది. ఖాళీగా కూర్చుంటాం మేం, ఎవరూ రారు, నేను పేపర్లు దిద్దుకుంటూ ఉంటాను. అయితే ఒకటి తెలుసుకోండి. నాలాంటి పార్ట్‌టైమ్ వాళ్లు చాలామంది ఉంటారు కాలేజీల్లో. పొద్దున ఒక క్యాంపస్, మధ్యాహ్నం ఇంకోటి, మధ్యలో 880 ఫ్రీవే మీద ట్రాఫిక్కు. ఫ్రీవే ఫ్లయర్స్ అంటారు మమ్మల్ని. సొంత గది కూడా ఉండదు కొన్నిచోట్ల. అలాంటివాళ్లని క్లాసు అయిన వెంటనే పట్టుకోండి. ముందు వరసలో కూర్చోమన్నది ఇందుకే, నేను బ్యాగు సర్దుకునేలోపు మీరు నా బల్ల దగ్గరుంటారు.

వెళ్లి ఏమనాలి? ‘మేడమ్, ఏమీ అర్థం కాలేదు’ అంటే నేనేం చెయ్యను? ‘మూడో లెక్క ఇక్కడిదాకా వచ్చింది, ఈ లైను తర్వాత ఏం చెయ్యాలో తెలియలేదు’ అని మీ కాగితం చూపించండి, రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఇంకో చిన్న చిక్కు. మనం ‘ఐ హావ్ ఎ డౌట్’ అంటాం. ఇక్కడివాళ్లకి డౌట్ అంటే అనుమానం, మీరు చెప్పింది నిజమేనా అన్నట్టు వినపడుతుంది. నా మొదటి టర్ములో ఆ మాట అంటే ఒక పెద్దాయన మొహం చిన్నబుచ్చుకున్నాడు, ఎందుకో నాకు చాలాకాలం తెలియలేదు. ‘క్వశ్చన్’ అనండి.

ఈమెయిల్‌కి కూడా ‘రెస్పెక్టెడ్ సర్’ అక్కర్లేదు. ప్రొఫెసర్, ఆ పక్కన ఇంటిపేరు. ఏ క్లాసో, సోమ బుధ వారాల్లో ఎన్నింటి క్లాసో మొదటి లైనులో రాయండి, నాకు మూడు కాలేజీల్లో నూట ముప్ఫై మంది ఉంటారు ఒక్కోసారి. ప్రశ్న ఒక్కటే అడగండి. కాలేజీ ఈమెయిల్ నుంచే పంపండి, ఇందాకటి ఫెర్పా ఉందిగా, ఎవరో తెలియని జీమెయిల్‌కి నేను మార్కులు చెప్పలేను. ట్యూటరింగ్ సెంటర్ ఉంటుంది, ఉచితం. మొదటి మిడ్‌టర్మ్ పోయాక కాదు, రెండో వారంలో వెళ్లండి. క్వార్టర్ వాళ్లయితే మొదటి వారమే, మీకు నాలుగో వారానికే మిడ్‌టర్మ్ వచ్చేస్తుంది.

ఏది ఎలా చేసినా ఒక్కోసారి క్లాసు చేతికి రాదు. అప్పుడు రావడం మానేస్తే చాలు, కాలేజీయే పేరు తీసేస్తుందనుకుంటారు. మొదటిరోజు రాకపోతే తీసేస్తారు, నిజమే. ఆ తర్వాత తీస్తారో లేదో ప్రొఫెసర్ ఇష్టం. నా క్లాసులో ఒకాయన ఐదో వారం మాయమైపోయి, తర్వాత రిజల్ట్‌లో ఎఫ్ చూసుకుని వచ్చాడు. మీరే ఆన్‌లైన్‌లో డ్రాప్ నొక్కాలి. మొదటి వారాల్లో అయితే రికార్డులోనే ఉండదు. ఆ తర్వాత, టర్ము ముప్పాతిక గడిచేదాకా డబ్ల్యూ, అంటే మధ్యలో మానుకున్నారని గుర్తు, వస్తుంది. దాంతో జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, తగ్గదు. కానీ ఒక కోర్సుకి మామూలుగా మూడు అవకాశాలే ఇస్తారు, డబ్ల్యూ కూడా అందులో ఒకటి తినేస్తుంది. ఈ తేదీలు కూడా ఆ క్యాలెండర్‌లోకే.

ట్రాన్స్‌ఫర్ గురించి ఒక్క నిమిషం. ఏ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి చెల్లుతుందో అసిస్ట్ డాట్ ఆర్గ్ అనే సైటులో అధికారికంగా ఉంటుంది. కజిన్ చెప్పాడనీ, ఫేస్‌బుక్ గ్రూపులో చూశామనీ కోర్సులు తీసుకోకండి. 2025 ఫాల్ నుంచి యూసీకీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) స్టేట్ యూనివర్సిటీలకీ కలిపి, ట్రాన్స్‌ఫర్‌కి చదవాల్సిన జనరల్ కోర్సులకి కాల్‌గెట్‌సీ అని ఒకే లిస్టు పెట్టారు, పాత ఐగెట్‌సీ కాగితాలు పట్టుకున్న అన్నయ్యలు మీకు పాత సలహాలే ఇస్తారు. డేవిస్, అర్వైన్, శాంటా క్రూజ్ లాంటి ఆరు యూసీ క్యాంపస్‌లకి ట్యాగ్ అని సీటు హామీ ఉంది, దానికి అప్లికేషను సెప్టెంబరు నెలలోనే. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో అందులో లేవు. మొదటి టర్ములోనే కౌన్సెలర్‌తో కూర్చోండి.

ఇక అడగండి.

(ప్రశ్న: మావాడు సమ్మర్‌లో కాలిక్యులస్ పూర్తి చేసేస్తే ఒక టర్ము మిగులుతుంది కదండీ?)

మిగులుతుందండీ, బతికి బయటపడితే. (నవ్వులు) సమ్మర్ ఆరు వారాలనుకోండి. ఒక సెమిస్టర్ యూనిట్‌కి మొత్తం మీద కనీసం 48 గంటల పని ఉంటుంది, టర్ము పొడుగైనా పొట్టైనా. ఐదు యూనిట్లకి 240. ఆరుతో భాగిస్తే వారానికి నలభై. ఇంకేమీ లేకుండా, టూర్లు లేకుండా, ఊరికి వెళ్లకుండా చేస్తానంటే చెయ్యనివ్వండి. మధ్యలో ఇండియా టికెట్లు ఉన్నాయా? ...ఉన్నాయి కదా. వద్దండి. సమ్మర్‌లో ఏదైనా మూడు యూనిట్లది చెయ్యమనండి, అదీ మీరు వెనక్కొచ్చాక మొదలయ్యేది.

(ప్రశ్న: నాకు ముప్ఫై ఎనిమిదండీ. ఇద్దరు పిల్లలు. మా అబ్బాయి వయసువాళ్ల మధ్య కూర్చుని... నా ఇంగ్లిష్ కూడా అంతంతమాత్రం.)

నా సాయంత్రం క్లాసుకి ఒకసారి వచ్చి చూడండమ్మా. ఆరున్నరకి మొదలవుతుంది. యూనిఫాంతోనే వచ్చే నర్సు ఉంటుంది, ట్రక్కు నడిపే ఆయన ఉంటాడు, అరవై దాటిన వియత్నాం ఆవిడ ఉంటుంది, డబ్బాలో అన్నం తెచ్చుకుని బ్రేకులో తింటుంది. మీ అబ్బాయి వయసు పిల్లలే అక్కడ బిక్కమొహాలేసుకుని కూర్చుంటారు. ఇంగ్లిష్‌కి ఈఎస్ఎల్ అని, ఇంగ్లిష్ సొంత భాష కానివాళ్ల కోసమే క్లాసులు ఉన్నాయి. ప్లేస్‌మెంట్ టెస్టు భయం పెట్టుకోకండి, 2017లో వచ్చిన చట్టం తర్వాత ఆ పాత పరీక్షలు ఎత్తేశారు, ఈఎస్ఎల్‌కి చాలాచోట్ల మీరే ప్రశ్నలకి జవాబులు చెప్పుకుని మీ లెవెల్ తేల్చుకోవచ్చు. ఒక్క క్లాసుతో మొదలుపెట్టండి. మూడు యూనిట్లు, వారానికి తొమ్మిది గంటలు.

ఆ తొమ్మిది ఎక్కణ్ణించి వస్తాయంటారా? మీ వారం చెప్పండి. పిల్లల్ని స్కూల్లో దింపేది ఎన్నింటికి? ఎనిమిదింబావు. మళ్లీ తెచ్చేది? రెండున్నర. మధ్యలో వంట, బజారు, అత్తగారికి మందులు... మంగళవారం డాక్టరు దగ్గరికి. సరే, ఇలా ముందుకు రండి. ఎనిమిదిన్నరకి ఈ లైబ్రరీవాళ్లు లైట్లు ఆర్పేస్తారు, ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇందాకటి కాగితం వెనక్కి తిప్పండి, ఏడు నిలువు గళ్లు గీయండి. సోమవారం నుంచి మొదలుపెడదాం.